ఒకే ఇంట్లో ఇద్దరు రెడ్డెమ్మలు

ఈ రోజు రెడ్డెమ్మను సోమల దగ్గరున్న వాళ్ల ఊళ్లో వదిలి వచ్చాను. బెంగళూరులో ఇంటిపనికి పెడితే పారిపోయి, కుప్పం స్టేషన్లో ఖాళీ సీసాలు ఏరుకుంటూ బతికిన పిల్ల. చాలాకాలంగా మదనపల్లెలో నేను పనిచేసే పిల్లల హాస్టల్లోనే ఉంది.

వాళ్లమ్మ గడపలో నిలబడి పిల్లను చూస్తూ ఉండిపోయింది. ఏడవలేదు. లోపలికి వెళ్లి సంగటి, ఊరిబిండి పచ్చడి తెచ్చి పెట్టింది. పిల్ల తింటూ ఉండగా ఉయ్యాల్లో చంటిబిడ్డ ఏడుపు మొదలుపెట్టింది.

"ఏడవద్దు రెడ్డెమ్మా, వస్తాండా" అంది తల్లి.

"నేనేం ఏడవలేదు మా" అని పిల్ల తలెత్తింది.

తల్లి తల దించుకుంది. "నువ్వింక లేవనుకొన్యాము మ్మే. అందుకే దానికి నీ పేరు పెట్టినాము."

పిల్ల ముద్ద మింగింది. "అట్లయితే నన్ను పెద్ద రెడ్డెమ్మా అని పిలువు" అంది. చెయ్యి కడుక్కుని వెళ్లి ఉయ్యాల ఊపింది. అప్పుడు ఏడ్చింది తల్లి.

నాకు మాత్రం ఏమీ అనిపించలేదు. పుంగనూరులో బస్సు మారాలన్న సంగతి కూడా గుర్తు రాలేదు, కండక్టర్ దిగమంటే దిగాను. ఇలాంటి రోజు సంతోషపడాలట. మీకెప్పుడైనా మనసు ఇలా మొద్దుబారిందా? అలా అయ్యుంటే చెప్పండి, నేనొక్కదాన్నే కాదనుకుంటాను.