చుక్కమందు వేసిన పాట

వీధిలో అందరూ ఆయన్ని ఫిట్టరు మావయ్య అనేవారు. బట్టల మిల్లులో ఫిట్టరుగా చేరి, అక్కడే జుట్టు నెరిసి, అక్కడే రిటైరైన మనిషి. ఉద్యోగం చిన్నదే గానీ ఆయన చెవికి మిల్లంతా పేరుండేది. హాలు నిండా మగ్గాలు హోరెత్తుతుంటే గుమ్మంలో నిలబడి, తల కాస్త పక్కకి వాల్చి, "కిటికీ వైపు వరసలో ఏదో బేరింగు ఏడుస్తోంది, ఆపండి" అనేవాడు. ఆపి చూస్తే అది పోయేలానే ఉండేది.

ఆ గుమ్మం పక్కనే ఒక డబ్బాలో దూది పెట్టి ఉండేది. లోపలికి వెళ్ళేవాళ్ళు చెవుల్లో పెట్టుకుని వెళ్ళాలని రూలు. మిగతావాళ్ళు పెట్టుకునేవాళ్ళు, ఈయన పెట్టుకునేవాడు కాదు. సూపరువైజరు చెప్పీ చెప్పీ విసిగిపోయాడు. "చెవులు మూసుకుంటే మిషను ఏం చెప్తోందో నాకెలా తెలుస్తుందండీ?" అని నవ్వేసేవాడు. ఇక్కడే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ఆ మనిషికి చెవే ప్రాణం. తన ప్రాణాన్ని తనే తీసుకెళ్ళి రోజూ ఆ హోరులో నిలబెట్టేవాడు, పైగా దానికి మెచ్చుకోళ్ళు కూడా.

చెవే ప్రాణం అని ఊరికే అనడం లేదు. ఇంట్లో ముందుగదిలో ఆయన పాటల సెట్టు ఉండేది. ఆంప్లిఫయరు పాతది కొని బాగుచేసుకున్నాడు. స్పీకర్ల పెట్టెలు తనే చెక్క కోసి, సాన పట్టి చేసుకున్నాడు. రికార్డులు బోలెడున్నా ఆయనకి ఒక్క వేణువు రికార్డంటేనే పిచ్చి. అందులో పాట సగంలో ఒకచోట, పై స్వరానికి వెళ్ళబోయే ముందు, వాయించేవాడు గబుక్కున ఊపిరి పీల్చుకుంటాడు. చాలామందికి అది వినపడను కూడా వినపడదు. ఈయన మాత్రం దానికోసమే ఆ రికార్డు పెట్టేవాడు. "ఇదుగో, ఇదుగో, విన్నావా?" అని వంటింట్లో ఉన్న భార్యని కేకేసేవాడు. "విన్నానండీ" అనేది ఆవిడ పోపు మాడకుండా చూసుకుంటూ. నిజానికి ఆవిడ ఏనాడూ వినలేదు. ఇంటిపని తెమిలితే కదా వినడానికి.

డ్యూటీ నుంచి వచ్చాక తల నిండా మగ్గాల హోరే ఉండేది కాబట్టి సెలవు రోజున తప్ప సెట్టు ముట్టుకునేవాడు కాదు. "ఇవాళ వద్దులే, రిటైరయ్యాక తీరిగ్గా కూర్చుని వింటా" అనేవాడు. ఏళ్ళ తరబడి ఇదే మాట. ఆయన దాచుకున్నదల్లా అదొక్కటే.

రిటైరయ్యాడు. దండలు వేశారు, ఫోటో తీశారు. మర్నాడు స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, కుర్చీ స్పీకర్ల మధ్యకి జరుపుకుని కూర్చున్నాడు. వేణువు మొదలైంది. ఆ చోటు వచ్చింది, దాటిపోయింది. ఊపిరి మాత్రం రాలేదు. ముల్లు వెనక్కి జరిపి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ రాలేదు. పాటంతా దుప్పటి కప్పుకుని ఎవరో వాయిస్తున్నట్టుంది.

తప్పు సెట్టుదే అనుకున్నాడు. మరి మిల్లంతా మొక్కిన చెవిని ఎలా అనుమానిస్తాడు?

పాటల సెట్ల సామాన్లు అమ్మే షాపతను ఒక చిన్న సీసా చేతిలో పెట్టాడు. "వైరు ప్లగ్గు దూరే చోట కంటికి కనపడని చిలుము పడుతుంది మావయ్యా. అదే పాటని మింగేస్తుంది. ముందు స్పిరిట్‌తో తుడిచి, ఈ మందు సూది మొన మీదంత రాయండి, చాలు. ఇందులో వెండి పొడి ఉంటుంది, ఎక్కువైతే పక్క పిన్నుకి పాకి సెట్టు అరుస్తుంది" అని చెప్పాడు. కొత్త దారి దొరికిందని ఫిట్టరు పొంగిపోయాడు. ఇంటికొచ్చి ప్లగ్గులన్నీ పీకి, పాత బనీను గుడ్డతో తుడిచి, మందు రాసి, ఒక్కొక్కటీ తిప్పి బిగించాడు. పాట పెట్టాడు. ఆ చోటు రాగానే చెయ్యి పైకెత్తి, "వచ్చిందే! వచ్చింది" అన్నాడు.

నిజంగా వచ్చిందో, వస్తే బాగుండునని అనుకోవడమే అలా వినపడిందో దేవుడికెరుక. నాలుగు రోజులకల్లా మళ్ళీ పోయింది. మళ్ళీ మందు రాశాడు. ఈసారి సూది మొనతో ఏమవుతుందిలే అని చుక్కగా వేశాడు. తర్వాత రెండు చుక్కలు. మనిషికి చెప్పొచ్చు గానీ ఆశకి ఎవరు చెప్తారు? వీధి పిల్లలంతా ఫిట్టరు మావయ్య పేరు మార్చేసి చుక్కల మావయ్య అనడం మొదలెట్టారు. ఆయన దానికీ మురిసిపోయాడు.

ఈలోగా భార్య చెవుల్లో దూది పెట్టుకోవడం మొదలెట్టింది. సాయంత్రం ఆయన సెట్టు ముందు కూర్చోగానే ఆవిడ దూది పెట్టుకుని పక్కన కూర్చునేది, ఏ బియ్యమో ఏరుకుంటూ.

"ఏమే, ఆ దూదేంటి?"

"గాలి పడటం లేదండీ. చెవిపోటు."

"డాక్టరుకి చూపించుకో. చెవితో ఆటలాడకూడదు" అన్నాడు ఆయన. ఆ మాట అన్నది ఎవరో చూడండి. ఆవిడ తలాడించి బియ్యం ఏరుకుంది.

"పాట బాగా విప్పారింది కదూ?" అని అడిగేవాడు.

"బాగుందండీ" అనేది ఆవిడ.

కింది వాటాలో ఒక టైలరు, అతని తల్లి ఉండేవాళ్ళు. టైలరు మెతకమనిషి, పెద్దవాళ్ళ మాట తీసెయ్యలేడు. వాటా ముందుగదే కొట్టు. అక్కడ కుట్టుకుంటూ వినడానికి అతనికో చిన్న సెట్టుంది. ఫిట్టరు ఒకరోజు సీసా, గుడ్డ పట్టుకుని తనంతట తనే దిగాడు. "నీ సెట్టు గొంతు పట్టేసిందిరా, నేను చూస్తా" అన్నాడు. టైలరు కుట్టు ఆపి కుర్చీ ఇచ్చాడు. ఈయన వెనక ప్లగ్గులు పీకి, ధారాళంగా మందు పోసి, బిగించి, పాట పెట్టి, కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు తెరిచేసరికి టైలరు మొహం అదోలా ఉంది. టైలరు తల్లి రెండు చేతులతో చెవులు మూసుకుని ఉంది.

"ఎలా ఉంది? తేటగా లేదూ?" అన్నాడు ఫిట్టరు.

"బాగుంది మావయ్యా" అన్నాడు టైలరు, నేల చూస్తూ.

ముసలావిడకి ఆ మొహమాటాలు లేవు. "ఏం బాగుందిరా? నాయనా, ఆ కీచుమనేది ముందు ఆపు. బుర్ర తొలిచేస్తోంది" అంది.

"ఏ కీచు పెద్దమ్మా?"

ముసలావిడ కొడుకు వైపు చూసింది. "అదేంటయ్యా, వినపడటం లేదూ? ఈల వేసినట్టు ఒకటే కీచు. మీ ఇంట్లోంచీ ఇదేగా. సాయంత్రం అయ్యేసరికి మేం కిటికీ తలుపులు వేసేసుకుంటున్నాం. మీ ఆవిడ ఎలా ఓర్చుకుంటోందో, మహాతల్లి."

ఫిట్టరు తల కాస్త పక్కకి వాల్చాడు, మిల్లు గుమ్మంలో వాల్చినట్టే. పాట వినపడుతోంది, దుప్పటి కప్పుకుని. కీచు లేదు. ఉందిట, కానీ ఆయనకి లేదు. స్పీకరు దగ్గరికి వెళ్ళి చెవి ఆనించాడు. అయినా లేదు. సీసా అక్కడే వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కాడు.

భార్య అలవాటు ప్రకారం ముందుగదిలో కూర్చుని ఉంది. ఆయన వచ్చే వేళైందని సెట్టు తనే పెట్టి ఉంచింది. చెవుల్లో దూది.

ఆయన ఆ దూది వంక చూశాడు. చాలాసేపు చూశాడు. ఆవిడకి అర్థమైపోయింది. నెమ్మదిగా రెండూ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"చెవిపోటు లేదు కదూ?"

"లేదండీ."

"ఎప్పట్నుంచి ఈ కీచు?"

"మీరు రెండోసారి చుక్కలు వేసినప్పట్నుంచి."

"చెప్పొచ్చుగా."

"ఎలా చెప్పను? 'వచ్చిందే' అని చంటిపిల్లాడిలా చెయ్యెత్తారు. మీ మొహం అలా వెలగడం చూసి ఎన్నేళ్ళయిందో. చెప్తే కీచు పోతుంది సరే, మీకిక చూసుకోడానికి ఏం మిగులుతుంది?"

ఆయన స్పిరిటు, బనీను గుడ్డ తీసుకుని సెట్టు వెనక నేలమీద చతికిలబడ్డాడు. ఒక్కొక్క ప్లగ్గే పీకుతూ, తను ముచ్చటపడి పోసిన మందంతా తుడవసాగాడు. పిన్నుల మధ్య నల్లటి జిడ్డు పేరుకుపోయి ఉంది. తుడిచి, బిగించి, పాట పెట్టి, "ఉందా?" అని అడిగేవాడు.

"ఉందండీ."

మళ్ళీ పీకేవాడు. తను చేసిన రిపేరు కుదిరిందో లేదో తెలుసుకోడానికి ఆయన ఇంకొకరి మొహం చూడాల్సి రావడం ఆ జన్మలో అదే మొదలు. చివరికి ఒకసారి ఆవిడ తల పైకెత్తి, "పోయింది" అంది.

"ఖాయంగా?"

"ఖాయంగా పోయిందండీ. పాటొక్కటే వినపడుతోంది."

వేణువు రికార్డు పెట్టాడు. ఆవిడని తన కుర్చీలో, స్పీకర్ల మధ్య కూర్చోబెట్టి తను నేలమీదే కూర్చున్నాడు. "సగంలో ఒకచోట ఊపిరి పీలుస్తాడు. వచ్చినప్పుడు వేలు ఎత్తు" అన్నాడు.

పాట నడిచింది. ఎక్కడ వస్తుందో ఆయనకి నిద్రలో కూడా తెలుసు. ఆ చోటు వస్తుంటే పళ్ళు బిగించి, ఒంట్లో ఉన్న శక్తంతా చెవుల్లోకి తెచ్చుకుని విన్నాడు. ఏమీ లేదు. ఆవిడ వేలు మాత్రం లేచింది. లేచిన వేలు అలాగే ఉండిపోయింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆవిడ పెదాలు కదిలాయి. ఆయనకి అర్థం కాలేదు.

"ఏంటి?"

"ఇదేనా అండీ?" అంది ఆవిడ కాస్త గట్టిగా. "ఇన్నేళ్ళూ వంటింట్లోకి కేకేసి వినమన్నది ఇదేనా?"

"అదే. ఎలా ఉందో చెప్పు." ఆయన మోకాళ్ళ మీద ముందుకి జరిగాడు. "నాకు రావటం లేదే. ఇక రాదు. నువ్వు చెప్పు."

ఆవిడకి మాటలు వెతుక్కోవడం అలవాటు లేదు. కాసేపు తడుముకుని ఏదో చెప్పింది. ఆయన చెవి దగ్గర చెయ్యి దొప్పలా పెట్టుకుని, "ఆఁ?" అన్నాడు. ఆవిడ కుర్చీలోంచి వంగి, ఆయన చెవి దగ్గర నోరుపెట్టి, గొంతు చించుకుని చెప్పింది: "ఎవరో మనిషి ఈ గదిలోనే మన పక్కన కూర్చున్నట్టుందండీ."

"అవును. అదే" అన్నాడు ఆయన, అవసరమైన దానికంటే చాలా గట్టిగా.

పాట చివర్లో వేణువు మళ్ళీ పైకి వెళ్తుంది. అక్కడా వాయించేవాడు ఊపిరి పీలుస్తాడు. వాళ్ళిద్దరూ అలా అరుచుకుంటుండగా అదీ దాటిపోయింది. ఆవిడ కూడా వినలేదు.