లేని నాయన కోసం రెండు శుక్రవారాలు

మా ఎదురింటావిడ పోయిన సోమవారం తన పై అంతస్తుకు ఒక బోర్డు కట్టించింది. సోమవారమే, ఆ రోజు నేను డాబా మీద కందిపప్పు ఎండబెట్టాను కాబట్టి పొరపాటు పడే అవకాశం లేదు. ఇల్లు కిరాయికి ఇవ్వబడును, ఫ్యామిలీలకు మాత్రమే అని రాయించింది. జగిత్యాలలో ఇటువంటి బోర్డులు ఏ వీధిలోనైనా కనబడతాయి, కొత్తేమీ కాదు. అయినా ఆ చివరి మాట నలుసులా కంట్లో పడి, పప్పు అలాగే వదిలేసి వెళ్లి, మాత్రమే అంటే ఎవరిని వద్దంటున్నావని అడిగాను. ఆమె నా ఈడుదే, నాలాగే పింఛను తీసుకునేదే. "ఒంటి పోరిలకు ఇస్తే తలనొప్పక్కా, రేపేమన్నయితే మనకెందుకు లొల్లి" అన్నది. చాయ్ పెడతానన్నా తాగకుండా వచ్చేశాను. బోర్డు ఇంకా వేలాడుతూనే ఉంది.

మన ఈడు వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. చిన్నవాళ్లు దీన్ని చదివినా వాళ్లు చేయగలిగింది తక్కువ, ఊళ్లలో పై అంతస్తులన్నీ ఇప్పుడు మన చేతుల్లోనే ఉన్నాయి కదా.

జగిత్యాల ఇంకా జిల్లా కాని రోజుల్లో నేను ఇక్కడ ఎవరూ లేని ఆడపిల్లల ఆశ్రమంలో మేట్రన్‌గా పనిచేశాను. చేరిన తారీఖు, మానిన తారీఖు, మధ్యలో పెట్టిన సెలవులు అన్నీ నాకు గుర్తే గానీ వాటితో మీకు పని లేదు. పిల్లలు నన్ను పెద్దమ్మ అని పిలిచేవారు. పద్దెనిమిది నిండిన పిల్ల అక్కడ ఉండటానికి వీల్లేదు. ఎక్కడైనా పని, ఉండటానికి ఒక గది చూపించుకుంటే తన దారిన తాను వెళ్లవచ్చు, లేకపోతే కాగితాల్లో ఏ చుట్టం పేరు ఉంటే ఆ చుట్టానికి అప్పగించేవాళ్లం. అన్నేళ్లూ పండగకైనా తొంగిచూడని చుట్టాలు, పిల్లకు కుట్టుపని వచ్చని, చేతికి నాలుగు రూపాయలు తెస్తుందని తెలియగానే బస్సు దిగి గేటు దగ్గర నిలబడేవారు.

వెళ్లిన పిల్లల్లో చాలామంది కొన్నాళ్లకే తిరిగి వచ్చేవారు. వాళ్లకు పని రాక కాదు, మిషను మీద కూర్చుంటే వాళ్లను మించినవాళ్లు లేరు. వాళ్లకు రానిది గదిలో ఉండటం. కుట్టు నేర్పాం, లెక్కలు నేర్పాం, ప్రార్థనలు నేర్పాం గానీ, ఒక గదిని అడిగి తీసుకుని, దానిలో ఒంటరిగా ఉండి, దాన్ని నిలుపుకోవడం ఎలాగో మాలో ఎవరమూ నేర్పలేదు.

నాకు ఆ విద్య తెలుసు. మాది సిరిసిల్ల. మగ్గం పోయి సాంచాలొచ్చిన కాలంలో, సాంచాలంటే మరమగ్గాలు, మా నాయన వాటిని పెట్టుకోవడానికి ఇల్లు కిరాయికి తీసుకునేవాడు, ఆ అదురుకు గోడలు బీటలిస్తున్నాయని ఓనర్లు ఖాళీ చేయించేవారు, మళ్లీ ఇంకో ఇల్లు. ఆ చప్పుడు మధ్య నిద్రపోయిన అలవాటుకు ఇప్పటికీ ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటే నాకు కునుకు పట్టదు. అలా సిరిసిల్లలో వాడకట్టు వాడకట్టుకూ తిరిగి పెరిగిన దాన్ని కాబట్టి, ఇంటి ఓనర్లు ఎన్ని రకాలో, ఏ రకం ఏ మాటతో మొదలుపెడుతుందో నాకు కంఠతా వచ్చు.

అందుకని ఆశ్రమంలో పాత సామాన్ల గదిని ఖాళీ చేయించి, సున్నం వేయించి, దాన్ని కిరాయి గది అన్నాను. పద్దెనిమిది దగ్గర పడుతున్న ప్రతి పిల్లా అందులో ఒక నెల ఉండాలి, తన వంట తాను వండుకోవాలి, కుట్టుపనిలో వచ్చిన దానిలోంచి ఒకటో తారీఖున నాకు కిరాయి కట్టాలి. ఒకటో తారీఖంటే ఒకటో తారీఖే, రెండో తారీఖు కాదు. ఆ డబ్బు వెళ్లేనాడు వాళ్ల చేతికే తిరిగి ఇచ్చేదాన్ని, ఆ సంగతి ముందు చెప్పేదాన్ని కాదు.

వాళ్లకు ఏది తెలియదో ఆ గదిలోనే నాకు తెలిసివచ్చింది. వందమందికి సరిపోయే బగోనెలో అన్నం వార్చగల పిల్ల ఒక్క మనిషికి గిన్నెలో ఎసరు పెట్టమంటే చేతులు కట్టుకుని నిలబడిపోయేది. ఇంకో సంగతి. మా పడకగదుల తలుపులకు లోపల గడియలు ఉండేవి కావు, పొద్దుపోయాక ఆయా బయటి నుంచి గొళ్లెం పెట్టేది, అదే అక్కడి నియమం. కిరాయి గదికి మాత్రం నేను వడ్రంగిని పిలిచి లోపల గడియ పెట్టించాను. పైవాళ్లు ఎందుకన్నారు, గదికి గడియ ఉంటుంది కాబట్టి అన్నాను, అక్కడితో ఆ మాట ఆగింది. మొట్టమొదట ఆ గదిలోకి వెళ్లిన పిల్ల తెల్లారి ఎర్రబడ్డ కళ్లతో వచ్చి, "పెద్దమ్మా, గొళ్లెం పెట్ట ఎవ్వలు రాలేదేంది? ఎదురుచూసి ఎదురుచూసి కూసున్న" అన్నది. తలుపు మూసుకుని, ఎవరో వచ్చి బయటి నుంచి వేస్తారని రాత్రంతా కూర్చున్నదట. గడియ చూపించాను. వేసింది, తీసింది, మళ్లీ వేసింది. నేను బయట నిలబడి ఆ చప్పుడు వింటూ, నా జీతం నేను మొదటిసారి సంపాదించుకున్నానని అనుకున్నాను.

మధ్యాహ్నం పూట నేను కుర్చీ వేసుకుని ఓనరమ్మనయ్యేదాన్ని. ఎవ్వల బిడ్డవే, ఏ ఊరే, నీసు తింటవా, నీ కోసం ఎవ్వలెవ్వలొస్తరు అని సిరిసిల్లలో విన్నవన్నీ గొంతు మార్చి అడుగుతుంటే, తల వంచకుండా జవాబు చెప్పాలి. నీసు తింటవా, అంటే మాంసం తింటావా అని అడిగితే ఒక గడుసుది, "తింట పెద్దమ్మా, నువ్వే పెడ్తలేవు" అని అందరినీ నవ్వించింది. ఓనరమ్మను పెద్దమ్మా అంటవేందే అని నేను గదమాయిస్తే ఇంకా నవ్వేవారు. కానీ నాయన ఏం చేస్తాడు అనే ప్రశ్న దగ్గరికి రాగానే ఆ నవ్వు ఆగిపోయేది.

మా వంటామె దానికి ఒక ఉపాయం చెప్పేది. మా నాయన దుబాయిల ఉన్నడు అంటే సరిపాయె, ఈ జగిత్యాల, కోరుట్ల పక్క ఎవ్వలు కాదంటరు అనేది. నిజమే, ఏ వాడకట్టులో చూసినా ఇంటికొకరు గల్ఫులో ఉన్న ఊళ్లివి, తండ్రి కనబడకపోవడానికి ఇంతకంటే గౌరవమైన కారణం ఇక్కడ లేదు. నేను మాత్రం ససేమిరా ఒప్పుకోలేదు. అబద్ధం చెప్పి తీసుకున్న గదిలో రోజూ ఆ అబద్ధానికి కూడా కాపలా ఉండాలి. ఉన్నది చెప్పండి, పని ఉందని చెప్పండి, కిరాయి మొదటి రోజునే ఇస్తానని చెప్పండి, కాదంటే పక్కింటికి వెళ్లండి అన్నాను.

గొళ్లెం కోసం ఎదురుచూసిన ఆ పిల్లకు కోరుట్లలో ఒక బట్టల దుకాణంలో కుట్టుపని దొరికింది. గొల్లపల్లి నుంచి ఆమె మేనమామ అప్పటికే రెండుసార్లు ఆశ్రమానికి వచ్చి, పిల్లను పంపమని దరఖాస్తు పెట్టుకుని వెళ్లాడు. ఇంట్లో బర్లను చూసుకోవడానికి మనిషి లేదని నాతోనే అన్నాడు, కనీసం దాచుకోలేదు. గది దొరికితే పిల్ల కోరుట్లకు, లేకపోతే మేనమామ బర్ల దగ్గరికి. పిల్లకు ఆ సంగతి తెలుసు. గది దొరికిందని కబురు పంపితే, నేను చెప్పినట్టే ఉన్నది చెప్పి తీసుకుందని గర్వపడ్డాను.

మూడో వారంలో కోరుట్ల నుంచి ఫోను వచ్చింది, వచ్చి మీ పిల్లను తీసుకుపొమ్మని. బస్సులో వెళ్లాను. గల్ఫు డబ్బుతో కట్టిన రెండంతస్తుల ఇల్లు. కింద అత్తా కోడలూ ఉంటారు, కొడుకు దుబాయిలో. పిల్ల స్టవ్వు, ట్రంకుపెట్టె మెట్ల మీదికి వచ్చేసి ఉన్నాయి. జరిగిందేమిటంటే, రెండిళ్లలో ఉన్నది చెప్పి లేదనిపించుకున్న పిల్ల మూడో ఇంట్లో వంటామె మాట అందుకుంది. ముసలమ్మ సంతోషపడి ఏ లేబర్ క్యాంపులో ఉంటాడు మీ నాయన అని అడిగితే, దుకాణంలో ఎవరి నోటనో విన్న పేరు చెప్పింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. మన పక్క మనిషి దగ్గర్లోనే ఉన్నాడట, పోయి కలువు బిడ్డా, వస్తూ పోతూ ఉంటే అప్పాలు పంపుకోవచ్చని ముసలమ్మ కొడుకుకు ఫోనులో చెప్పింది. ఆ కొడుకు తన సెలవు రోజున, ఒక శుక్రవారం కాదు, రెండు శుక్రవారాలు, బస్సెక్కి ఆ క్యాంపుకు వెళ్లి గది గదికీ తిరిగి అడిగాడు.

నన్ను చూడగానే ముసలమ్మ అందుకుంది. "నువ్వేనా పెద్దమ్మవు? మంచిగ నేర్పినవ్! నా కొడుకు ఎండల వడి తిరిగిండు, లేని మనిషి ఏడ దొరుకుతడమ్మా?"

అబద్ధమాడుడు తప్పేనన్నాను. కానీ ఉన్నది చెప్తే ఇల్లిచ్చేదానివా అని కూడా అడిగాను.

"ఎందుకిస్త?" అంది ఆమె, దాపరికం లేకుండా. "ఎవ్వల్లేని పిల్లకు ఇల్లిచ్చి నేనేం జెయ్యాలె? రేపు దీనికేమన్నయితే అడిగెటోళ్లెవ్వలు?"

గుమ్మం దగ్గర నిలబడ్డ కోడలు మెల్లగా, "పోనీ అత్తమ్మా, పెద్దమ్మ చెల్లె బిడ్డ అని చెప్పుకుందాం. వాడకట్టుల అడిగినోళ్లకు గదే చెప్దాం" అన్నది. మంచి మనసుతోనే అన్నది. ముసలమ్మ కూడా కాదనలేదు, నా వైపు చూసింది. గొల్లపల్లి మేనమామ నా కళ్ల ముందు మెదిలాడు. ఒక్క చిన్న మాట, నేను ఊ అంటే చాలు. నోరు తెరిచాను కూడా.

"వద్దు పెద్దమ్మా," అన్నది పిల్ల. "ఒక్క నాయనను పుట్టిచ్చినందుకే గింత లొల్లయింది. ఇగ అమ్మను గూడ పుట్టియ్యాల్నా?"

తర్వాత ముసలమ్మ వైపు తిరిగింది. "అవ్వా, అబద్ధమాడిన, తప్పే. నాకెవ్వల్లేరు. నాకేమన్నయితే అడిగెటోళ్లు లేరంటున్నవ్. మరి మీ ఇద్దరికేమన్నయితే? నీ కొడుకు దుబాయిల ఉన్నడు. మెట్లు దిగి ముందుగాల ఉరికొచ్చేది ఎవ్వలు, నేను గాదా?"

"చూసినవానే, నోరెట్లున్నదో!" అని ముసలమ్మ కోడలితో అన్నది. కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. నేను మాత్రం నెల కిరాయి కట్టి ఉంది, నెల నిండేదాకా ఈ గది పిల్లదే అని చెప్పి, ట్రంకుపెట్టె ఒక కొస నేను పట్టుకుని, రెండో కొస పట్టమన్నాను. ముసలమ్మ దారికి అడ్డంగా మెట్టు మీద కూర్చుంది. మేము పెట్టె పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాం. చాలాసేపటికి మోకాళ్లు పక్కకు జరిపింది, మేం వెళ్లడానికి సరిపోయినంతే, వేలెడు కూడా ఎక్కువ కాదు.

నెలాఖరు దాకా చూసి, లేదంటే గొల్లపల్లికి పంపడమే అని ఆశ్రమంలో చెప్పేశారు. పిల్ల సాయంత్రాలు కోరుట్ల వీధుల్లో ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటూ గదుల కోసం తిరిగింది, ఎవరూ ఇవ్వలేదు. కానీ ఇంకో పని చేసింది, అది నేను నేర్పింది కాదు. ఆ వచ్చిన శుక్రవారం కింద ఫోను మోగినప్పుడు మెట్లు దిగి వచ్చి, నేను మాట్లాడాలని అడిగి, ఆ దుబాయి కొడుకుకు తప్పయిందని చెప్పింది. ఎండలో తిరిగింది ఆయన కదా. అవతల ఆయన నవ్వాడట. "నీ నాయన దొరకలేదు గని, కోరుట్లోళ్లు ముగ్గురు దోస్తయిండ్రు చెల్లె" అన్నాడట. ముసలమ్మ పక్కనే కూర్చుని అంతా విన్నదట.

ఒకటో తారీఖు పొద్దున పిల్ల కిరాయి పట్టుకుని కిందికి దిగింది. తీసుకుంటే గది ఉన్నట్టు, తీసుకోకపోతే లేనట్టు. సామాను సర్దుకునే దిగిందట. కోడలు చెయ్యి చాపకుండా అత్త వైపు చూసింది. ముసలమ్మ బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ, తల ఎత్తకుండా, "తీసుకో. రేపటి సంది పొద్దుగాల మోటరు ఏసుడు గా పోరి పనే అని చెప్పు, నీళ్లన్నీ పైనోళ్లే గుంజుకుంటుండ్రు" అన్నది. ఆ పిల్ల నాకు ఫోను చేసి చెప్పిన మొదటి మాట, మోటరు వేసే పని తన మీద పెట్టారని. ఏ ఓనరైనా ఏ కిరాయిదారునైనా సణిగే సణుగుడు తనకూ దక్కిందని దాని సంబరం. మేనమామ దరఖాస్తు మూసేశారు. ఆ ఇంట్లో పిల్ల నాలుగేళ్లు ఉంది, నీళ్ల గురించి పోట్లాడుతూనే ఉంది.

ఇప్పుడు అటువంటి ఆశ్రమాల్లో నా కిరాయి గదికంటే మంచి ఏర్పాట్లు వచ్చాయి, మేలే. చదువుకున్న అమ్మాయిలు వచ్చి గోడ మీద బొమ్మలేసి పాఠాలు చెబుతున్నారు. అప్పుడప్పుడు నన్నూ పిలుస్తారు, వెళ్తాను. మారింది ఇంకొకటుంది. ఇప్పుడు గది వెతకడమంతా ఫోనులోనే. పిల్ల నంబరు కలిపి ఒక్కదాన్నే ఉంటానని పూర్తిగా చెప్పేలోగా అవతల పెట్టేస్తున్నారు. ఆ మనిషి ముసలిదో పడుచుదో, కోపిష్టిదో భయస్తురాలో ఏమీ తెలియదు, జవాబు చెబుదామంటే ఎదురుగా మొహం లేదు. ఫోను పెట్టేసిన వాళ్ల ఇల్లు కనుక్కోండి, వెళ్లి గుమ్మం ముందు నిలబడండి, తోడు కావాలంటే నేను వస్తాను అని పిల్లలకు చెబుతున్నాను, మొన్న ఒకరితో వెళ్లాను కూడా. తలుపు తీయలేదు. మళ్లీ వెళ్తాం. ఆ కోరుట్ల ముసలమ్మ తిట్టింది, దారికి అడ్డంగా కూర్చుంది, అయినా మెట్టు మీద మనిషిలా ఎదురుగా కూర్చుంది. తిట్టడానికైనా బయటికి వచ్చే అటువంటి ఓనరమ్మలు ఈ మధ్య నాకు చుట్టాల్లా గుర్తొస్తున్నారు.