గడప దగ్గర ఒక్కసారే అడుగు

మొన్న మూలపడేసిన కంప్యూటర్ ఒకటి ఆన్ చేస్తే, ఫ్యాన్ తిరిగి దుమ్ము మాడిన వాసన గుప్పుమంది. వెంటనే ఆండాలు మేడం గుర్తొచ్చారు. చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఎప్పుడూ ఆ వాసనతోనే ఉండేది మా ఆఫీసు. ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకండి, రెండు గదులు, నలుగురం మనుషులం. యజమానీ ఆవిడే, పని నేర్పే టీచరూ ఆవిడే. నల్గొండ పల్లె నుంచి వచ్చిన మనిషి. నేనేమో వనస్థలిపురంలో స్థిరపడ్డ కృష్ణా జిల్లా వాళ్లబ్బాయిని. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. బంద్ లేని రోజు చూసుకుని బస్సెక్కేవాణ్ణి.

మేం పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక లైబ్రరీ రాశాం. అంటే, ఇతరులు తమ ప్రోగ్రాముల్లో తెచ్చిపెట్టుకునే కోడ్. బడి సర్టిఫికెట్ల మీద పిల్లల పేర్లు తెలుగులో సరిగ్గా అచ్చు కావడానికి పనికొచ్చేది. ఇంతలో పైథాన్ కొత్త వెర్షన్ వచ్చి, అక్షరాలను చూసే తీరే మారిపోయింది. పాతదానికి రాసింది కొత్తదాన్లో నడవదు. కాలేజీల వాళ్లు కొత్తది కావాలన్నారు. పల్లె బడుల కంప్యూటర్లలో ఇంకా పాతదే ఉంది.

"పాతదాన్ని వదిలేద్దాం మేడం. మారని వాళ్ల కోసం మనమెందుకు తంటాలు పడాలి?" అన్నాను.

"వాళ్లు మారం అన్నరా? కొత్త మిషన్లు రాలే, ఏం జేస్తరు? గా పిల్లగాని పేరు డబ్బాలు డబ్బాలుగ అచ్చయితే ఎవరికి చెప్పుకుంటడు? రెండిట్ల నడవాలె. సంబాళించాలె."

పాతదీ నడిచేలా చూసే 'సపోర్ట్'కి ఆవిడ తెలుగు అదే, సంబాళించుడు. మా వైపు దుఃఖం వచ్చినప్పుడు సంబాళించుకోమంటారు. నేనూ అలాగే సంబాళించుకుని కూర్చున్నాను. 'పాత వెర్షనైతే ఇలా, కొత్తదైతే అలా' అని ఎక్కడ పడితే అక్కడ షరతులు రాసిపెట్టాను. కొన్నాళ్లకి అది నాకే అర్థం కాలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మేడం చూసి నవ్వారు. "ఏంది శ్రీధర్, ఇంటికొచ్చినోన్ని ప్రతి అర్రల ఆపి నువ్వు పాతోనివా, కొత్తోనివా అని అడుగుతవా? గడప కాడ ఒక్కపారి అడుగు. లోపలికొచ్చినంక అందరు ఒక్కటే."

వచ్చిన అక్షరాలు ఏ రకానివైనా మొదట్లోనే ఒకే రూపంలోకి మార్చే చిన్న ఫైలు రాయించారు. దానికి 'గడప' అనే పేరు పెట్టాం. మిగతా కోడంతా మళ్లీ చదవడానికి వీలైంది.

ఇంట్లో మాత్రం నాన్నది రోజూ ఒకటే మాట. రాష్ట్రం విడిపోతే ఇల్లు అమ్మేసి విజయవాడ వెళ్లిపోదామని. నేను పుట్టి పెరిగింది ఇక్కడే. నాకు భయంగా ఉండేది. ఒకరోజు మేడం ధర్నా నుంచి ఎండకు కందిపోయి వచ్చారు. ఉండబట్టలేక అడిగేశాను, "రాష్ట్రం వస్తే మమ్మల్ని పొమ్మంటారా మేడం?"

ఆవిడ మంచినీళ్లు తాగి అప్పుడు చెప్పారు. "మా రాష్ట్రం మాగ్గావాలె. నీ మొకం జూసి అడుగుడు బంద్ జెయ్య. పొమ్మనేటోళ్లు గూడ ఉన్నరు, అబద్ధం ఎందుకు చెప్త? నేనైతే అన."

బుజ్జగించి ఉంటే నమ్మేవాణ్ణి కాదేమో.

రాష్ట్రం వస్తోందని తేలిన రోజు దిల్‌సుఖ్‌నగర్ రోడ్డంతా టపాసులు. ఆఫీసులో అందరూ ఎగిరి గంతులేస్తున్నారు. నాన్న ముఖం తలుచుకుని నేను కుర్చీలోంచి లేవలేదు. మేడం నా దగ్గరికొచ్చి చేతిలో లడ్డూ పెట్టారు.

"నీకు సంతోషం గాకుంటె అయినట్టు నవ్వకు. లడ్డు తిను. రేపు పొద్దుగాల పనికి రా."

వెళ్లాను. మా ఇల్లు అమ్మలేదు. ఇప్పుడు నా దగ్గర పనిచేసే వాళ్లు నాతో వాదించి, ముఖం మాడ్చుకుని బ్యాగు సర్దుకుంటుంటే నా నోట వచ్చే మాట ఒక్కటే: "రేపు పొద్దుగాల పనికి రా." పొద్దుగాల అనే మాట మా కృష్ణా జిల్లాది కాదు.