ఫ్యాన్ ఆపే మనిషి

బాపట్ల వ్యవసాయ కాలేజీలో పురుగుల నమూనాలు దాచే గదికి ఆయన అటెండరు. ఎంత ఎండాకాలమైనా, పెట్టె మూత తీసే ముందు ఫ్యాన్ ఆపేసేవాడు. సూదులకు గుచ్చిన ఎండు పురుగుల రెక్కలు గాలికి రాలిపోతాయని ఆయన భయం. అక్కడ పనిచేసే మేమంతా చెమటలు కక్కుతూ తిట్టుకునేవాళ్లం.

ఆ పురుగులన్నిటికీ వరసగా, తనంతట తానే ఫొటోలు తీసే యంత్రాన్ని నేను చవగ్గా తయారుచేశాను. పాత ప్రింటరు విడిభాగాలు, తెనాలిలో కొన్న సెకండ్‌హ్యాండ్ కెమెరా, వేడెక్కకుండా ఒక చిన్న ఫ్యాను.

"ఇక మనిషి చెయ్యి అక్కర్లేదు బాబాయ్," అన్నాను గర్వంగా.

భోంచేసి వచ్చేసరికి యంత్రం వేడెక్కి ఆగిపోయింది. ఫ్యాను వైరు ఆయన చేతిలో ఉంది.

"ఎందుకు పీకావు?" అని అరిచాను.

"రేపల్లెలో పట్టిన సీతాకోకచిలుక రెక్క వణుకుతోందండి," అన్నాడు తాపీగా.

కోపంతోనే ఫొటోలు తెరిచాను. పొద్దుటినుంచి తీసినవన్నీ మసకగా ఉన్నాయి. వైరు పీకాక, యంత్రం ఆగేలోపు తీసిన పదో పన్నెండో మాత్రం అద్దంలా ఉన్నాయి.

లోపాన్ని యంత్రం తనే సరిదిద్దుకుందని నివేదికలో రాశాను. దానికి జిరాక్సులు తీయించుకొచ్చింది ఆయనే. వాటిని నా బల్లమీద పెట్టి, కాగితాలు ఎగిరిపోకుండా ఫ్యాన్ ఆపి వెళ్లాడు.