అలిగి మార్చుకున్న రిలే

అలిగినవాడు మామూలుగా అన్నం మానేస్తాడు. ఇంకాస్త పట్టుదల ఉన్నవాడు మాటలు మానేస్తాడు. నేను రిలే మార్చుకున్నాను. ఇంతకంటే తెలివితక్కువగా అలిగిన మనిషి గోదావరిఖనిలో ఇంకొకడెవడైనా ఉంటే ఒకసారి కలవాలని ఉంది. కానీ నా అదృష్టం కొద్దీ వాడు కూడా వేరే రిలేలోనే ఉంటాడు.

రిలే సంగతి బయటివాళ్లకు చెప్పాలి. మా బాయిలో, అంటే బొగ్గు గనిలో, మనుషులను మూడు జట్లుగా విడగొడతారు. ఒక జట్టు పొద్దున దిగితే, ఇంకొకటి మధ్యాహ్నం, మూడోది రాత్రి. వారం తిరిగేసరికి షిఫ్టులు మారతాయి గానీ జట్టు మారదు. ఆ జట్టునే రిలే అంటాం. ఒకే రిలేలో ఉన్నవాళ్లు కలిసి దిగుతారు, కలిసి తింటారు, కలిసి నిద్రలేక ఎర్రకళ్లతో తిరుగుతారు. వేరే రిలేలో ఉంటే మాత్రం పక్క క్వార్టర్లో ఉన్నా పరాయివాడే. వాడు లేచే వేళకు మనం పడుకుంటాం. రోజూ పైకొచ్చే ఉద్యోగం మాది. జీవితంలో పైకొచ్చామా అన్నది వేరే సంగతి.

బావ నాకు చుట్టం కాదు. అతనిది కమాన్‌పూర్ దగ్గరి పల్లె, వ్యవసాయం ఇల్లు. మాది తాత నాటి నుంచి గనుల్లోనే ఉన్న క్రైస్తవ కుటుంబం. మా అక్కను అతను చేసుకోలేదు. అసలు నాకు అక్కే లేదు. కానీ కొలువులో చేరిన కొత్తలో తలలైట్లు ఇచ్చే ల్యాంపు రూము దగ్గర నేను బెల్టు రెండుసార్లు తప్పుగా బిగించుకోవడం చూసి, "ఏం బామ్మర్ది, బుగులైతుందా?" అన్నాడు. భయపడుతున్నవాడు చుట్టరికం గురించి వాదించడు. "అవును బావా" అన్నాను. అదే ఖాయమైపోయింది.

ఇద్దరికీ బాయి లోపలి కప్పు కూలకుండా బోల్టులు బిగించే పని పడింది. బిగించే ముందు ఒకరు ఇనుప కడ్డీతో కప్పును తట్టి చప్పుడు వినాలి, ఇంకొకరు వెలుతురు పట్టి పగుళ్లు చూడాలి. కప్పు గట్టిదైతే కంగుమంటుంది, వదులైతే డొల్లగా మోగుతుంది. ఏళ్ల తరబడి అతను తట్టాడు, నేను చూశాను. అతని చెవుల మీద ఆధారపడి నా తల నిలిచింది, నా కళ్ల మీద అతనిది. అట్లాంటి ఇద్దరి మధ్య పుట్టేదానికి స్నేహం అన్న మాట చాలదు. పెళ్లి అందామంటే మా ఇంటామె ఒప్పుకోదు.

తినే వేళకు పొడిగా ఉన్న మూల చూసుకుని డబ్బాలు విప్పేవాళ్లం. మా ఇంటి సర్వపిండి అతనికి, వాళ్లింటి ఎండుచేపల కూర నాకు. మధ్యలో నా జోకులు. కొలువు బొగ్గుదైనా నా వ్యాపారం మాటలది. మొదట్లో బావ పొట్ట పట్టుకుని నవ్వేవాడు. రానురాను నేను నోరు తెరవగానే చెయ్యెత్తి, "ఇన్నదే బామ్మర్ది" అనేవాడు. నేను దాన్ని ప్రేమ అనుకున్నాను. ఒక మనిషి మాటలన్నీ కంఠతా వచ్చేంత దగ్గరితనం అని. అరిగిపోయిన చెప్పుల జోడును కూడా మనం అట్లాగే, ఎంత సుఖంగా ఉందో అనుకుంటూ తొడుగుతాం, మన జోడీవాడు కొత్తవి కొనుక్కునే దాకా.

అవతలి ఏరియాలో ఒక బాయి మూతపడి, బదిలీ మీద ఒకాయన మా రిలేకు వచ్చాడు. మా వయసే. మంచివాడు. ఈ మాట రాయడానికి నాకు చాలా కాలం పట్టింది. మాకు పనులు పంచే ఓవర్‌మెన్‌ను బావే అడిగాడు: "సార్, ఈయనకు మన జాగ తెల్వది. కొన్ని దినాలు నా జోడీ చెయ్యుండ్రి." న్యాయమైన మాట. ఆ కొన్ని దినాలు వానాకాలమంతా సాగాయి. వాన కదా అని బావ నా బండి వెనక సీటు వదిలి, బదిలీ ఆయన కారులో రావడం మొదలుపెట్టాడు. నా వెనక సీటు, పేరుకు తగ్గట్టే, వెనకబడిపోయింది.

ఒకరోజు వాళ్లు కూర్చున్న చోటికి నేను డబ్బా పట్టుకుని వెళ్లేసరికి బావ ఏదో చెప్తున్నాడు.

"మా పెండ్లయిన కొత్తల మా ఆమె బాయి గేటు కాడికొచ్చింది. షిఫ్టు దిగి వస్తున్నం, అందరం నల్లగనే ఉన్నం. నన్ను దాటిపోయి ఎనకటోని చెయ్యి వట్టింది. వాడు గజగజ వణికి, 'నేను గాదక్కా, మీ ఆయన గాయన' అన్నడు. మా ఆమె ఇద్దర్ని కిందికెల్లి మీదిదాంక చూసి, 'ఇద్దర్ని కడుక్కొని రమ్మను, చూసి చెప్త' అన్నది."

బదిలీ ఆయన నవ్విన నవ్వుకు అతని తలమీది లైటు కప్పంతా తిరిగొచ్చింది.

ఆ జోకు నాది. అందులోని భార్య కూడా నాదే. మా ఆమె ఏనాడూ బాయి గేటుకు రాలేదు, అదంతా నేను అల్లిందే; అయినా అల్లినవాడికి హక్కుంటుంది. ఒక్క దెబ్బకు జోడీ పోయె, జోకు పోయె, జోకులోని పెళ్లాం కూడా పోయె.

"రా బామ్మర్ది, తిందం" అన్నాడు బావ.

"ఆకలైతలేదు" అన్నాను.

చేతిలో డబ్బా పట్టుకుని ఆ మాట అన్నాను. బావ "సరే తియ్" అని కూర కలుపుకున్నాడు. అలిగినవాడికి కావలసింది మొదటి పిలుపు కాదు. మొదటిది మర్యాదకు ఎవరైనా పిలుస్తారు. వాడు చెవులు రిక్కించి ఎదురుచూసేది రెండోసారి పిలుపు కోసం. అది రాలేదు. కొంచెం అవతల ఒక బొగ్గు స్తంభం చాటున కూర్చుని, ఆకలి కాని అన్నం మొత్తం తిన్నాను.

గనిలో ఒక వింత ఉంది. తవ్వి వదిలేసిన చోట మిగిలిన బొగ్గు, ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే తనంతట తాను వేడెక్కుతుంది. కాస్త గాలి సోకితే చాలు. మొదట గోడలకు చెమట పడుతుంది, తర్వాత ఒక వాసన, ఆ తర్వాత పొగ. అందుకే అట్లాంటి చోటికి అడ్డంగా గోడ కట్టి మూసేస్తారు. నేనూ గోడ కట్టాలనే అనుకున్నాను. కాకపోతే లోపలి వైపు నిలబడి కట్టాను.

ఓవర్‌మెన్ దగ్గరకు వెళ్లి రిలే మార్చమన్నాను. "ఏందే, పాణం బాగలేదా?" అంటే, అవునన్నాను. అది అబద్ధమని నాకు అప్పుడు అనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు. అవతలి రిలేలో ఒకడు ఇటు రావాలని ఎన్నాళ్లుగానో చూస్తున్నాడు. వాడు నా జాగాలోకి, నేను వాడి జాగాలోకి. నా లెక్క ఏమిటంటే, బావ పరుగెత్తుకొస్తాడు, "ఎందుకు బామ్మర్ది?" అంటాడు, నేను కాసేపు బెట్టు చేస్తాను, అతను బతిమాలతాడు.

బావ వచ్చాడు. "మంచిగ చేసినవ్" అన్నాడు. "ఆ రిలేల పని జర అల్కగ ఉంటదట. ఓసారి దవాఖానల గుడ చూపిచ్చుకో."

ఆ సాయంత్రం ఫోను చూసుకుంటే రిలే వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేసినట్టు ఉంది. రిలే మారినవాళ్లను తీసేయడం మామూలే. ఆ గ్రూపు అడ్మిన్ బావే. తీసేసినాక విడిగా ఒక దండం బొమ్మ పంపాడు.

కొత్త రిలేలో నా జోడీ ఉత్తముడు. పని తప్ప మాట్లాడడు. ఒకసారి ధైర్యం చేసి నా జోకుల్లో మేలైనది చెప్పాను. అంతా విని, "అయితే ఆమె ఎవల్ని తోల్కపోయింది?" అని అడిగాడు. ఆ తర్వాత నేను మౌనంగా తినడం నేర్చుకున్నాను. సర్వపిండి మొత్తం నాకే మిగిలేది. సగం తినడానికి అలవాటైన నోటికి మిగతా సగం మందులా ఉండేది.

బాయిలోకి కుర్చీల వరస మీద దిగుతాం. తాడుకు వేలాడే ఒంటి కుర్చీలు. ఒక వరస కిందికి, పక్కనే ఇంకొకటి పైకి. షిఫ్టు మారే వేళ దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు చీకట్లో ఎదురుపడతారు. మొహాలు కనిపించవు. లైటు ఎదుటివాడి కళ్లల్లో కొట్టకుండా తల కొంచెం వంచి ఆడించడమే పలకరింపు. ఎవరు ఎట్లా ఆడిస్తారో మాకు తెలుసు. బావ లైటు రెండుసార్లు కిందికి, ఒకసారి పక్కకు ఊగుతుంది. ఒకరోజు ఆ లైటు పైకి వస్తూ నాకు ఎదురైంది. ఊగింది. దాని వెనకే వచ్చిన ఇంకో లైటు కూడా, అచ్చం అట్లాగే, రెండుసార్లు కిందికి, ఒకసారి పక్కకు. నేను నా లైటు గోడ మీదికి తిప్పుకున్నాను. తడి గోడ తప్ప ఏమీ లేదు అక్కడ. కుర్చీ కిందికి పోతూనే ఉంది.

ఇంట్లో అన్నం దగ్గర పరధ్యానంగా ఉంటే మా ఇంటామె అడిగింది. దాచలేక చెప్పేశాను. చెప్పినంతసేపూ చేతిలో గరిటె అట్లాగే పట్టుకుని వింది.

"నేను అమ్మగారింటికి పోయినప్పుడు గిట్ల ఒక్కపూటన్న అన్నం మానేసినవా?" అంది.

"నేనిప్పుడు గుడ మానలేదు గదా" అన్నాను.

"గదే జెప్తున్న. నా కోసం గిట్ల తినుకుంట గుడ ఏడ్వలేదు నువ్వు."

ఆ మాటలో నవ్వు ఉంది గానీ, గరిటె గిన్నెలో పెట్టిన చప్పుడు డొల్లగా మోగింది. ఇన్నేళ్లు పక్కవాడు కప్పు తడుతుంటే వెలుతురు పట్టినవాణ్ని. ఆ మాత్రం చప్పుడు తెలుస్తుంది. నాలో రగిలేదే ఆమెలోనూ ఏళ్ల నుంచి సన్నగా వేడెక్కుతూ ఉందని, నేనే ఆమెకు బదిలీ మీద వచ్చినవాడి పక్కన కూర్చున్న బావలాగా ఉన్నానని అప్పుడు తట్టింది. అప్పటి నుంచి మిగిలిన సగం సర్వపిండి తినకుండా ఇంటికి తెచ్చి ఆమెతో పంచుకుంటున్నాను. "గట్టివడ్డది" అని సణుగుతూ తింటుంది. బావ లేని వెలితి దానితో పూడలేదు. ఆ గుంత వేరు, ఈ గుంత వేరు.

చలికాలంలో మా పాత ఓవర్‌మెన్ రిటైరయ్యాడు. ఆదివారం నాడు బసంత్‌నగర్ రోడ్డులో ఒక ఫంక్షన్ హాల్లో దావత్. మూడు రిలేల వాళ్లనూ పిలిచాడు. ఆ పొద్దున చర్చిలో పాస్టరయ్య అసూయ గురించి చెప్తూ ఉంటే, అటు ఆడవాళ్ల వైపు కూర్చున్న మా ఇంటామె మెడ తిప్పి మరీ నన్ను చూసింది. అందుకని పవిత్రమైన మనసుతోనే దావత్‌కు వెళ్లాను.

అన్నం, మటన్ పెట్టుకుని నిలబడ్డాను. పక్క బల్ల చుట్టూ పాత రిలే వాళ్లంతా కూర్చుని ఉన్నారు. మధ్యలో బావ, పక్కన బదిలీ ఆయన. చాలా కాలానికి బావను పగటి వెలుతురులో, కడిగిన మొహంతో చూశాను. జుట్టు బాగా నెరిసింది.

"మా పెండ్లయిన కొత్తల," అని మొదలుపెట్టాడు బావ, "మా ఆమె బాయి గేటు కాడికొచ్చింది..."

అందరూ ముందుకు వంగారు. కథ వెనకటోని చెయ్యి పట్టేదాకా వచ్చింది. బావ తల ఎత్తాడు, నన్ను చూశాడు, ఒక్క క్షణం తడబడ్డాడు.

నేను ప్లేటు లేని చెయ్యి ఎత్తాను.

"ఇన్నదే బావా."

బల్ల దగ్గర అందరూ నావైపు తిరిగారు. బదిలీ ఆయన అమాయకంగా, "మీకు గుడ చెప్పిండా అన్నా? మస్తుంటది!" అన్నాడు. బావ మొహంలో ఒక రంగు పోయి ఇంకో రంగు వచ్చింది. అతను 'ఇన్నదే' అని ఆపినప్పుడల్లా నా మొహం ఏళ్ల తరబడి ఎట్లా ఉండేదో అప్పుడు చూశాను.

అతను ఎంగిలి చేతి వైపు చూసుకుని, మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు.

"నేనేడ చెప్పిన్నే. ఈయినదే అది. నేనే ఎత్కపోయిన." పక్కనున్న కుర్చీని మోచేత్తో వెనక్కి నెట్టాడు. "నాకు సగమే వస్తది. నువ్వు చెప్పు బామ్మర్ది."

నేను వెళ్లి కూర్చున్నాను. అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. ఒక మటన్ ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాను.

"చెప్పరాదే, బామ్మర్ది" అన్నాడు బావ, రెండోసారి.

ముక్క బాగా ఉడికింది, వెన్నలా ఉంది. అయినా తాపీగా నమిలాను.