ఉత్త గిన్నె తేవొద్దు

మూడో రోజు పొద్దున సీతారత్నం స్వయంగా బస్తీలోకి వచ్చింది. బోయిగూడ మెయిన్ రోడ్డు మీద ఆమెది రెండంతస్తుల మేడ. బుచ్చమ్మది ఆ మేడ వెనక, కట్టె డిపో గోడనానుకుని ఉన్న గల్లీలో రేకుల గది. నాలుగేళ్లుగా ఆ మేడలో అంట్లు తోముతున్నది బుచ్చమ్మే అయినా, యజమానురాలు గల్లీలో కాలుపెట్టడం అదే మొదటిసారి. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, కాలవ దాటి, తలుపు తోసింది. లోపల బుచ్చమ్మ కూతురు, ఐదేళ్ల కల్పలత, పక్కింటివాళ్లిచ్చిన గంజి తాగుతోంది. తాగుతున్నది స్టీలు గిన్నెలో.

సీతారత్నం ఆ గిన్నె లాక్కుని గంజి కాలవలో పారబోసింది. గల్లీ మధ్యకి వచ్చి, గిన్నెని ఎండకి తిప్పి, అంచు మీద కొట్టించిన పేరు గట్టిగా చదివింది.

"వి. సీతారత్నం. చదువు వచ్చినవాళ్లు వచ్చి చదువుకోండి."

"మీరే ఇచ్చిన్రు గదమ్మా," అంది బుచ్చమ్మ. "పోరికి జరమొచ్చిందంటే సాంబారు పోసిచ్చిన్రు."

"సాంబారు ఇచ్చాను. గిన్నె ఇచ్చానా? నువ్వు పనికి రాక మూడు రోజులైంది. రేపు ఇంట్లో వ్రతం. గిన్నెలు చూసుకుంటే ఒకటి తక్కువ. నన్నేమనుకోమంటావు?"

బుచ్చమ్మ దగ్గర జవాబుంది. కానీ చెప్పలేదు.

ఒకరింటి గిన్నెని ఉత్తగా తిరిగి ఇవ్వకూడదు. పిడికెడు బియ్యమో, చెంచాడు చక్కెరో, ఏదో ఒకటి వేసి ఇవ్వాలి. లేకపోతే గిన్నె ఇచ్చిన ఇంటికి కీడు. ఇది బుచ్చమ్మకి తల్లి నేర్పిన మాట. డిపోలో మొద్దు పడి భర్త సోమయ్య పాదం నుజ్జయి నెల రోజులైంది. బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే గోళ్లకి రేకే తగులుతోంది. గిన్నెలో వెయ్యడానికి ఏమీ లేక, ఇవాళ దొరక్కపోతుందా, రేపు దొరక్కపోతుందా అని ఆపింది. ఆ మేడకి కీడు జరగకూడదనే ఆపింది. ఆ మాట చెప్పాలంటే, మా ఇంట్లో పిడికెడు బియ్యం లేవని గల్లీ అందరి ముందూ ఒప్పుకోవాలి. దొంగ అనిపించుకోవడం కంటే అదే ఆమెకి ఎక్కువ సిగ్గనిపించింది. కడుపు నిండినవాళ్లకి ఈ లెక్క అర్థం కాదు. అర్థమైనవాళ్లకి వివరించి చెప్పక్కర్లేదు.

గల్లీలో ఇద్దరు బుచ్చమ్మలుండేవారు. ఒకామె పాలు పోసేది కాబట్టి పాల బుచ్చమ్మ. ఆ రోజు నుంచి ఈమెకీ గుర్తుగా ఒక పేరు దొరికింది. దొంగ బుచ్చమ్మ. పగతో పిలిచినవాళ్లు తక్కువ. "ఏ బుచ్చమ్మ?" అని ఎవరైనా అడిగితే తేలిగ్గా చెప్పడానికి అలవాటుగా అన్నవాళ్లే ఎక్కువ. అలవాటుగా అన్నమాటే ఎక్కువ కాలం బతుకుతుంది.

ఆ రోడ్డు మీద ఇంక ఏ ఇంట్లోనూ ఆమెకి పని దొరకలేదు. సికింద్రాబాద్ స్టేషన్ అవతల ఒక ఫంక్షన్ హాల్లో వంట సామాను తోమే పనిలో చేరింది. అక్కడ అన్నం వండే గంజులు ఎంత పెద్దవంటే మనిషి లోపలికి సగం వంగి తోమాలి. వాటి మీద ఎవరి పేరూ లేదు. ఆ మాట ఆమె చాలా ఏళ్ల తర్వాత కూతురితో అంది: "పేరు లేని బాసన్లు తోముతుంటే పానం నిమ్మళంగుండె బిడ్డా."

ఒకనాడు హాలువాళ్లు సొట్టపోయిన ఒక గంజుని పాత సామానుకి పారేశారు. బుచ్చమ్మ అడిగి తెచ్చుకుంది. సోమయ్య కుంటుకుంటూనే చెక్కసుత్తితో దాని సొట్టలు తీశాడు. ఒక పక్క కొంచెం వంకర మిగిలింది. "మూతి తిరిగినా నోరు పెద్దగున్నది," అన్నాడు. "నీ లెక్కనే."

బస్తీలో చావైనా పురుడైనా పదిమందికి అన్నం పెట్టాలంటే సామాను టెంటు హౌసు నుంచే కిరాయికి తేవాలి. ఆ కిరాయికి భయపడి దినాలు మానుకున్నవాళ్లున్నారు. పిల్లలకి పేరు పెట్టే పండగ మూడేళ్లు వాయిదా వేసినవాళ్లున్నారు. వాళ్లకి మూతి తిరిగిన గంజు ఊరికే ఇచ్చింది బుచ్చమ్మ. మొదట తీసుకున్నవాళ్లు దాన్ని తిరిగి తెచ్చినప్పుడు అడుగున రెండు పిడికిళ్ల బియ్యం ఉన్నాయి. వాళ్ల తల్లులు కూడా ఆ మాటే నేర్పారు మరి. ఆ బియ్యాన్ని ఏం చెయ్యాలో తోచక, ఎదురింట్లో మంచం పట్టిన ముసలాయనకి జావ కాచి పంపింది. తర్వాత వచ్చిన బియ్యం ఇంకో ఇంటికి వెళ్లాయి. అలా పెద్ద ఆలోచనేమీ లేకుండా మొదలైంది.

గల్లీ ఆడవాళ్లు తలా ఒకటి తెచ్చారు. ఒకరు గరిటె, ఒకరు బేసిను, ఒకరు ఇడ్లీ పాత్ర. తక్కువపడినవి కొందరు కలిసి జనరల్ బజార్‌లో కొన్నారు. దుకాణాదారు పేరు కొట్టే మిషన్ చేతిలో పట్టుకుని అలవాటుగా అడిగాడు.

"ఏం పేరు కొట్టాలె?"

"ఏం కొట్టొద్దు," అంది బుచ్చమ్మ.

"ఫ్రీ అమ్మా. పైసలు తీస్కోను."

"ఫ్రీ అయినా వద్దు."

"పేరు లేకపోతే మీదని ఎట్ల తెలుస్తది?"

"మాదని తెలిసి ఏం జేసుకోవాలె?"

కమ్యూనిటీ హాల్లో ఖాళీగా పడి ఉన్న గదిని యువజన సంఘం వాళ్లు ఇచ్చారు. గది మూలలో నీలం డ్రమ్ము పెట్టారు. గిన్నెలతో వచ్చిన బియ్యం దాంట్లో పడతాయి. గల్లీలో ఎవరి పొయ్యి వెలగకపోతే వాళ్లింటికి ఆ బియ్యం చేరతాయి. చేర్చేది కల్పలత. ఇప్పుడు ఆమె అంగన్‌వాడీ టీచరు, ఏ ఇంట్లో ఏం ఉడుకుతోందో పిల్లల ముఖం చూసి చెప్పగలదు. ఆ సామానుతోనే ముగ్గురు ఆడవాళ్లు కలిసి చిన్న ఫంక్షన్లకి వంటలు ఒప్పుకోవడం మొదలుపెట్టి, ఏడాది తిరిగేసరికి సొంత సామాను కొనుక్కున్నారు. ఒక లీడరు కబురు పంపాడు. వందమందికి సరిపడా సామాను ఇస్తాను, ప్రతి దాని మీదా నా పేరుండాలి అని. "పెద్దసారు పేరు మీద అన్నం ఉడుకదు, మంట మీద ఉడుకుతది అని చెప్పు," అని కబురు తెచ్చినవాడికి చాయ్ పోసి పంపింది బుచ్చమ్మ.

పరీక్ష రెండేళ్ల కింద వచ్చింది.

ఆటో నడిపే హెన్రీ జబ్బు చేసి చనిపోయాడు. అతని భార్య ప్రిసిల్లా జ్ఞాపకార్థ కూడికకి అందరికన్నా పెద్ద గంజు తీసుకుంది. కూడిక అయిపోయి తొమ్మిది రోజులైనా గంజు తిరిగి రాలేదు. శుక్రవారం ఇంకొకరింట్లో దినం ఉంది, వాళ్లకి అది కావాలి. గది తాళం యువజన సంఘం తిరుమల్ దగ్గర ఉంటుంది. చురుకైన పిల్లవాడే గానీ నోటికి తాళం లేదు.

"అమ్ముకున్నదేమో పెద్దమ్మా," అన్నాడు, గదిలో నలుగురు ఆడవాళ్లుండగానే. "గంజు గింత పెద్దగుంటది, ఇంట్ల దాచనీకి సుత జాగ ఉండది. ఇగ ఇట్ల నడ్వది. రేపటి సంది ఒక రిజిస్టర్ పెడ్దం. ఆధార్ జిరాక్స్ ఇచ్చినోళ్లకే సామాను. అన్నిటి మీద సంఘం పేరు కొట్టిస్త. దొంగలైతే అప్పుడు భయపడ్తరు."

"ఎవ్వలు దొంగలు?"

"నేను ఆమెను అంటలేను. ఉత్తగ మాటకు అన్న."

"నన్ను సుత ఉత్తగ మాటకే అన్నరు," అంది బుచ్చమ్మ. "ఇరవై ఏండ్లు నడ్సింది ఆ మాట."

తిరుమల్ నేల చూపులు చూశాడు. అయినా పట్టు వదల్లేదు. "గంజు రేపటికల్ల రాకపోతే మాత్రం నా మాట మీద ఉంట. తాళం నా కాడ ఉన్నది."

అంటే రేపటికల్లా గంజు రావాలి. రాకపోతే ప్రిసిల్లా పేరు ముందు ఒక మాట చేరుతుంది. ఆ మాట ఎంత బరువో ఆ గదిలో తెలిసింది ఒక్కరికే. బుచ్చమ్మ లేచి ఇంటికి వెళ్లి, పిడికెడు బియ్యం కొంగున ముడి వేసుకుని, మధ్యాహ్నం ఎండలో ప్రిసిల్లా ఇంటికి నడిచింది.

గంజు ఇంట్లోనే ఉంది. గోడ పక్కన బోర్లించి ఉంది. అద్దంలా తోమి ఉంది. అంత పెద్దదాన్ని తొమ్మిది రోజుల్లో ఎన్నిసార్లు తోమిందో. పొయ్యి గట్టు మీద బియ్యం డబ్బా మూత తీసి ఉంది. బుచ్చమ్మ అందులోకి తొంగి చూడలేదు. చూడక్కర్లేదు.

"రేపు తెస్త అత్తా," అంది ప్రిసిల్లా గుమ్మంలోనే. "తప్పకుండ రేపు తెస్త. ఇయ్యాల జెర పనుండె."

"నిన్న సుత రేపే అన్నవంట."

ప్రిసిల్లా గుమ్మంలోంచి పక్కకి జరిగింది. బుచ్చమ్మ చతికిలబడి గంజుని పైకి తిప్పింది.

"నేనైతే మూడొద్దులే దాచిన. నువ్వు తొమ్మిదొద్దులు దాచినవ్. నన్ను మించినవ్ పో."

ప్రిసిల్లాకి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నవ్వబోయి ఏడ్చింది. ఆ ఏడుపు ఆగేదాకా బుచ్చమ్మ పక్కనే కూర్చుని, కొంగు ముడి విప్పి బియ్యాన్ని గంజులో జార్చింది. అంత పెద్ద గంజులో పిడికెడు బియ్యం చినుకుల్లా చప్పుడు చేశాయి.

"మీ బియ్యం మీకే ఇచ్చుడు ఏంది అత్తా?"

"ఎవ్వలయని బియ్యం మీద పేరు కొట్టి ఉన్నదా? పట్టు అటు దిక్కు. పద."

ఇద్దరూ చెరో చెవి పట్టుకుని గంజుని గల్లీ గుండా మోసుకొచ్చారు. గదిలో తిరుమల్ గంజులోకి తొంగి చూశాడు. అడుగున బియ్యం కనిపించాయి. చెవి వెనక గోక్కున్నాడు.

"అమ్ముకున్నదన్నవ్," అంది ఒకామె.

"ఉత్తగ మాటకు అన్న అక్కా," అన్నాడు తిరుమల్. ఆ రోజు చాయ్ అందరికీ అతనే పోయించాడు.

మర్నాడు బుచ్చమ్మ డ్రమ్ములో నుంచి సంచెడు బియ్యం తీసి, గది తలుపు బయట, గోడ మలుపు దగ్గర మేకుకి కట్టించింది. లోపల ఉన్నవాళ్లకి ఆ సంచి కనిపించదు. గిన్నె తిరిగి తెచ్చేవాళ్లు, ఇంట్లో ఉంటే ఏదైనా వేసుకుని వస్తారు. లేకపోతే మలుపులో ఆగి సంచిలో నుంచి పిడికెడు వేసుకుని వస్తారు. లోపలికి మాత్రం ఏ గిన్నే ఉత్తగా రాకూడదు.

"ఎవ్వలు ఇంటికెళ్లి తెచ్చిన్రో, ఎవ్వలు సంచిలకెళ్లి ఏసిన్రో ఎట్ల తెలుస్తది పెద్దమ్మా?" అన్నాడు తిరుమల్.

"తెల్వద్దనే కొడుకా."

"మరి ఉన్నోళ్లు సుత సంచిలకెళ్లే ఏస్తే?"

"ఏస్తే ఏడ వడ్తయ్?"

తిరుమల్ ఆలోచించాడు. సంచిలో నుంచి గిన్నెలోకి, గిన్నెలో నుంచి డ్రమ్ములోకి, డ్రమ్ములో నుంచి మళ్లీ సంచిలోకి. ఒక్క గింజ కూడా ఎక్కడికీ పోదు. మోసం చెయ్యాలన్నా దారి లేదు. రిజిస్టర్ మాట అతను మళ్లీ ఎత్తలేదు. నెల మొదట్లో సంచి దానంతటదే బరువెక్కుతూ ఉంటుంది. తిరుమల్ జీతం వచ్చేదీ అప్పుడే. ఆ సంగతి ఎవరూ పైకి అనరు.

ప్రిసిల్లా ఇప్పుడు ఆ గదిలోని ఇడ్లీ పాత్రతో పొద్దున్నే స్టేషన్ దగ్గర ఇడ్లీలు వేస్తుంది. ఆమె పిల్లలిద్దరూ బడి మానలేదు. పాల బుచ్చమ్మ చనిపోయి నాలుగేళ్లైంది, గుర్తుకోసం ఇంకో మాట అక్కర్లేదు. అయినా చుట్టుపక్కల బస్తీల వాళ్లు వచ్చి అడిగితే గల్లీ పిల్లలు చెప్పే పేరు ఒకటుంది. గిన్నెల బుచ్చమ్మ. ఆ పేరు విన్నప్పుడల్లా ఆమె విననట్టే ఉంటుంది, నడుము మాత్రం కొంచెం నిటారవుతుంది.

పోయిన ఎండాకాలంలో గది ముందు ఒక ఆటో ఆగింది. డ్రైవరు రెండు గోతాల స్టీలు సామాను గడప దగ్గర దించాడు. వెనక ఒక ముసలామె జాగ్రత్త అని డ్రైవరుని హెచ్చరిస్తూ, మోకాళ్లు పట్టుకుంటూ దిగింది. మొహం కన్నా ముందు గొంతుని గుర్తుపట్టింది బుచ్చమ్మ.

మెయిన్ రోడ్డు మీది మేడ కూలగొట్టి అపార్ట్‌మెంట్ కట్టారు. సీతారత్నం నేరేడ్‌మెట్‌లో కొడుకు ఫ్లాట్‌లో ఉంటోంది. అక్కడ ఇన్ని గిన్నెలకి చోటు లేదు. ఈ గది గురించి కోడలు యోగిత ఎవరి నోటో విని చెప్పింది. ఎవరి గదో మాత్రం చెప్పలేదు, ఆమెకీ తెలియదు.

"నువ్వా," అంది సీతారత్నం.

"నేనే అమ్మా."

సీతారత్నం చేతిలో ఒక చిన్న గిన్నె ఉంది, గోతంలో పట్టక విడిగా పట్టుకుంది. ఆ రోజుదో, దాని జోడో. బుచ్చమ్మకి ఇప్పటికీ చదవడం రాదు గానీ, అంచు మీది ఆ అక్షరాల ఆకారం తెలుసు. లోపల సామాను తుడుస్తున్న ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. కల్పలత లేచి నిలబడింది. తన గంజిని కాలవలో పోసింది ఎవరో ఆమె మరచిపోలేదు.

"అన్నిటి మీదా పేర్లున్నాయి," అంది సీతారత్నం. "చెరిపించుకోవాలేమో."

"ఉండనియ్యుండ్రి."

"బుచ్చమ్మా, ఆ రోజు నేను..." అంటూ ఆమె గిన్నెతో గడప మీదికి కాలెత్తింది. వాళ్లిద్దరూ కలుసుకోవడం అదే ఆఖరు. బుచ్చమ్మ చెయ్యి అడ్డం పెట్టి, గోడ మలుపు వైపు చూపించి, లోపలివాళ్లకి వినపడనంత మెల్లగా చెప్పింది.

"ఉత్త గిన్నె లోపటికి తేవొద్దమ్మా. ఆ మూలకు సంచున్నది. పిడికెడు ఏస్కొని రాండ్రి. ఎవ్వలు జూడరు."