పెద్దకోడలు, చిన్నకోడలు, మా అమ్మమ్మ

మా అమ్మమ్మ పని పురుళ్లు పోయడం. మనుషులకు కాదు, రొయ్యలకు. పడవలవాళ్లు సముద్రం నుంచి తెచ్చిన తల్లి రొయ్యలను గుడ్లు పెట్టేదాకా సాకడం ఆమె ఉద్యోగం. రొయ్యపిల్లల కేంద్రంలో అందరూ ఆమెను మంత్రసాని అంటారు. బడిలో వెనక బెంచీ దాటని నాకు ఆ పని సగమే అర్థమైంది, అదీ ఆమె గొణుగుళ్ల వల్లే.

"నాకు జ్వరమొస్తే మాత్రేసుకుని పడుకోమంటావు. రొయ్య మేత ముట్టకపోతే మాత్రం నీకు కునుకుండదు" అని దెప్పేదాన్ని.

"నీకు నోరుంది, అడుగుతావు. అదేం అడుగుతుందే, పిచ్చిమొహమా?"

ఒకసారి రెండు రొయ్యలు వచ్చాయి. వాటికి పెద్దకోడలు, చిన్నకోడలు అని పేర్లు పెట్టుకుంది. ఏ తల్లి తొట్టి దానిదే, ఒకదాని నీళ్లు ఇంకోదానికి తగలకూడదు. అది అక్కడి కట్టుబాటు. పెద్దకోడలు మేత మానేసి మూలకు నక్కింది. ఒంటరిగా బెంగ పెట్టుకుందనుకుని, ఎవరూ చూడకుండా దాన్ని ఒక పూట చిన్నకోడలి తొట్టిలో ఉంచింది అమ్మమ్మ. అది మేత తింది. తిరిగి తన తొట్టిలోకి వెళ్లాక గుడ్లూ పెట్టింది.

ల్యాబ్ అమ్మాయి పరీక్ష చేసి దిగులుగా వచ్చింది. "వచ్చిన రోజు తీసిన కాలి ముక్కలో వైరస్ కనబడలేదు పెద్దమ్మా. ఇప్పుడు కండలోనూ ఉంది, గుడ్లలోనూ ఉంది. అండాశయానికి పాకినట్టే."

"గుడ్లు శుభ్రంగా కడిగేస్తే?"

"లోపలున్నదాన్ని ఎలా కడుగుతావు?"

పెద్దకోడలినీ దాని గుడ్లనూ మందునీళ్లలో వేసి చంపేశారు. తొట్టి మార్చిన సంగతి అమ్మమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. చెప్తే చిన్నకోడలికీ అదే గతి పట్టొచ్చు. చెప్పకపోతే దాని పిల్లలు ఎవరెవరి చెరువులకో జబ్బు మోసుకెళ్లొచ్చు.

చెప్పేసింది.

మేనేజరు అంతెత్తున లేచాడు. "తోడు కావాలని నీతో అందా? పెళ్లి కూడా చేయకపోయావా?"

"తప్పు నాది బాబూ, నన్ను తిట్టు. పరీక్ష చేయకుండా దాన్ని మాత్రం చంపకు."

ల్యాబ్ అమ్మాయి కల్పించుకుంది. "వేరే గదిలో పెట్టి చూద్దాం సార్. కానీ తేలేదాకా, ఆ గదిలోకి వెళ్లినవాళ్లు మిగతా తల్లుల దగ్గరికి రాకూడదు."

మిగతా తల్లులన్నిటినీ తనతో పనిచేసే ఆవిడకు అప్పగించి, అమ్మమ్మ ఆ గదిలోకి వెళ్లిపోయింది. నేను క్యారేజీ పట్టుకెళ్లి కిటికీలోంచి పలకరించాను.

"ఏం మంత్రసానీ, జైలెలా ఉంది?"

"గట్టిగా అరవకే! కడుపుతో ఉంది."

గుడ్లు పెట్టాక మళ్లీ పరీక్ష చేశారు. చిన్నకోడలి కండలోనూ గుడ్లలోనూ ఏమీ లేదని తేలింది. కబురు విని అమ్మమ్మ మోచేతుల దాకా చేతులు కడుక్కుని, పిల్లలు పుట్టిన తొట్టి మీదికి వంగింది.

"ఎవరి పోలిక?" అన్నాను కిటికీలోంచి.

"కళ్లు చూడు, అచ్చం తల్లివే" అంది, చుక్కంత కూడా లేని వాటిని చూస్తూ.